పరదేశములో అడుగబడిన ప్రశ్న

విద్యార్థి విదేశమునకు పోయిన పిదప సంస్కృతికి దూరమగునని తల్లిదండ్రులు చింతించుట నేడు పరిపాటి అయినది. ఆహారము మారును, వేషము మారును, పండుగ ఏ తిథినాడో తెలియదు; కావున పాశ్చాత్య దేశమే కుమారుని చెరిపినదని నిశ్చయించి వారు నిట్టూర్చెదరు. ఈ నిర్ణయము మనస్సునకు సుఖము కలిగించును. ఏలయన దోషమునంతయు సముద్రమునకు ఆవలి తీరమున నిలుపును. కాని ఇది సత్యము కాదు. విదేశము విద్యార్థి నుండి సంస్కృతిని అపహరింపదు. అది అతనిని ఒక ప్రశ్న అడుగును. ఆ ప్రశ్నకు అతని యొద్ద ఉత్తరము ఉన్నదా లేదా అనునది స్వదేశములో, స్వగృహములో, అతడు ప్రయాణము కట్టుటకు ఎంతో పూర్వమే నిర్ణయమైపోయినది.

ఈ విషయమును ఉపనిషత్తులు ఎన్నడో గుర్తించినవి. ఛాందోగ్యము పంచమాధ్యాయమునను, బృహదారణ్యకము షష్ఠాధ్యాయమునను ఒకే కథ కొలది భేదములతో కలదు. ఆరుణి పుత్రుడైన శ్వేతకేతువు స్వస్థానమును విడిచి పాంచాలుర సభకు వెళ్ళెను. అచటి రాజు ప్రవాహణ జైవలి అతనిని చూచి, తండ్రి నీకు విద్య నేర్పెనా అని అడిగెను. నేర్పెనని కుమారుడు నిస్సంకోచముగా పలికెను. అంతట రాజు ఐదు ప్రశ్నలు వేసెను. మరణించిన ప్రాణులు ఎచటికి పోవుదురో, తిరిగి ఎట్లు వత్తురో, దేవయాన పితృయాణ మార్గములు ఎచట వేరగునో, ఇందరు పోవుచున్నను పరలోకము ఏల నిండదో, పంచమాహుతియందు జలము పురుషుడని ఎట్లు పిలువబడునో చెప్పుమని కోరెను. శ్వేతకేతువునకు ఒక్కటియు తెలియలేదు. ఇవి ఎరుగనివాడు విద్య నేర్చితినని ఎట్లు చెప్పగలడని రాజు మందలించెను.

అవమానభారముతో శ్వేతకేతువు ఇంటికి తిరిగి వచ్చి రెండు కార్యములు చేసెను. ప్రశ్న అడిగినవానిని రాజన్యబంధువని, అనగా పేరునకు మాత్రమే క్షత్రియుడని, తూలనాడెను. నేర్పకయే నేర్పితినని ఏల అంటివని తండ్రిని నిలదీసెను. మొదటిది అహంకారము, రెండవది న్యాయము. ఇచట తండ్రి ప్రవర్తన గమనింపదగినది. అతడు రాజును నిందింపలేదు. పాంచాల దేశము తన కుమారుని చెరిపినదని విలపింపలేదు. వీనిలో ఒక్కటియు తనకు తెలియదనియు, తెలిసినచో తప్పక చెప్పియుందుననియు ఒప్పుకొనెను. పిమ్మట తానే శిష్యుడై రాజు వద్దకు బయలుదేరెను. కలిసి పోవుదమని అతడు పిలిచినను కుమారుడు రాలేదని బృహదారణ్యకము చెప్పుచున్నది. రాజు ధనము ఇచ్చెదనన్నను వృద్ధుడు వలదని, నా కుమారుని ఏమి అడిగితివో అదియే నాకు చెప్పుమని కోరెను.

పరదేశమున ప్రశ్న, విద్యార్థి సిగ్గు, తండ్రి ఒప్పుకోలు, పునరధ్యయనము అను నాలుగు అంగములు ఈ కథలో కలవు. నేటి తెలుగు గృహములలో మొదటి రెండు సమృద్ధిగా కలవు. చివరి రెండును లోపించినవి. ఈ లోపము ఎంతటిదో తెలియుటకు ఆధునిక కాలమున సముద్రమును దాటిన ఒక విద్యార్థి చరిత్రను పరిశీలింపవలెను.

1888 సెప్టెంబరు 4న మోహనదాసు కరంచంద్ గాంధి బారిస్టరు చదువు కొరకు బొంబాయిలో ఓడ ఎక్కెను. అప్పటికి అతనికి పందొమ్మిది సంవత్సరములు నిండలేదు. అంతకు పూర్వమే అతని కులమైన మోఢ బనియాల పెద్దలు సభ చేసి సముద్రయానము మతవిరుద్ధమని తీర్మానించిరి. అతడు వినకపోగా వెలివేసిరి. అతనికి సాయపడువారికిని, ఓడరేవు వరకు సాగనంపువారికిని ఒక రూపాయి నాలుగు అణాల జరిమానా విధించిరి. ఆత్మకథలో ఈ వృత్తాంతమంతయు కలదు. ధర్మగ్రంథములలో ఏది చదివితివని ఆ సభలో ఒక్కరైనను అడిగినట్లు మాత్రము అందు లేదు. సముద్రమును దాటుట పాపమని జరిమానా వేసిన పెద్దలు, గీతను చదువకుండుట లోపమని ఒక్క అణా జరిమానా వేయలేదు. శరీరము ఎచటికి పోవుచున్నదో వారు విచారించిరి. బుద్ధి ఏమి కొనిపోవుచున్నదో విచారింపలేదు.

అతడు కొనిపోయినది మాతృదేవత ఎదుట చేసిన మూడు ప్రతిజ్ఞలు మాత్రమే: మద్యమును, మాంసమును, పరస్త్రీని తాకనని. లండనులో కొంతకాలము అతడు ఆంగ్ల పెద్దమనిషి కావలెనని శ్రమించెను. బాండు వీధిలో పది పౌండ్లతో దుస్తులు కుట్టించెను, నాట్యశిక్షణకు మూడు పౌండ్లు చెల్లించెను, ఫిడేలు కొనెను, వక్తృత్వ పాఠములు ఆరంభించెను. ఈ వ్యామోహము సుమారు మూడు మాసములు ఉండెను. తాను జీవితాంతము ఆంగ్లదేశమున ఉండబోవుట లేదు, విద్యార్థిగా వచ్చినవాడు విద్యనే ఆర్జింపవలెనని అతడు స్వయముగా తెలుసుకొనెను. ఏ కులపెద్దయు ఈ వివేకమును అతనికి పంపలేదు.

ఇక ఆహార విషయము. మాంసభక్షణము వలననే ఆంగ్లేయులు బలవంతులైరని అతడు బాల్యమున నమ్మెను. లండనులోను ఆ నమ్మకము పోలేదు. తల్లికి ఇచ్చిన మాట కొరకే అర్ధాకలితో కాలము గడపెను. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనబడెను. అచట హెన్రీ సాల్ట్ అను ఆంగ్లేయుడు శాకాహారమును సమర్థించుచు వ్రాసిన గ్రంథమును కొని చదివెను. నాటి నుండి అతడు ప్రతిజ్ఞాబద్ధుడు గాక స్వబుద్ధితో శాకాహారి అయ్యెను. ఈ ఘట్టమున గొప్ప తత్త్వము కలదు. తల్లి ఇచ్చినది ఆచారము. అది అతనిని నిలిపినది. కాని విచారము లేని ఆచారము ఎంతకాలము నిలుచునో ఎవరు చెప్పగలరు? ఏల తినవని అడిగినవారికి అమ్మ వలదన్నదని చెప్పుట ప్రేమకు ప్రమాణమే గాని ధర్మమునకు హేతువు కాదు. ఆ హేతువును అన్వేషింపవలసిన ఆవశ్యకత పరదేశమున కలిగెను.

రెండవ సంవత్సరాంతమున అసలు ప్రశ్న ఎదురయ్యెను. దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన ఇద్దరు సోదరులు అతనికి పరిచితులైరి. వారు ఎడ్విన్ ఆర్నాల్డ్ 1885లో ప్రకటించిన భగవద్గీత ఆంగ్లానువాదమును చదువుచుండిరి. మూలమును తమతో కలిసి చదువుమని ఈ హిందూ యువకుని ఆహ్వానించిరి. అతడు సిగ్గుపడెను. గీతను అతడు సంస్కృతమునను చదువలేదు, గుజరాతీలోను చదువలేదు. ఆ సత్యమును దాచక వారితో చెప్పెను. తనకు వచ్చిన సంస్కృతము స్వల్పమే అయినను, అనువాదము మూలార్థమును ఎచట అందుకొనలేదో గుర్తింపగలనని ఆశించి వారితో అధ్యయనమునకు కూర్చుండెను.

ఇది గీత ఎరుగని గృహము నుండి వచ్చినవాని కథ కాదు. తండ్రి అంత్యకాలమున ఒక పండితుని ప్రోత్సాహముతో గీతను ఆరంభించి, పూజా సమయమున నిత్యము కొన్ని శ్లోకములను బిగ్గరగా పఠించుచుండెనని ఆత్మకథయే చెప్పుచున్నది. శ్లోకము ఇంట వినబడినది. అర్థము కుమారునికి అందలేదు. అందుచేత లండనులో కలిగిన సిగ్గు లండను సృష్టించినది కాదు. అది రాజకోటలో జనించినది, లండనులో బయటపడినది.

అంతకు ముందటి మరియొక సంఘటన ఇంకను బోధకరము. పాఠశాలలో సంస్కృతోపాధ్యాయుడు కఠినుడు. పారసీక భాష సులభము, ఆ ఉపాధ్యాయుడు ఉదారుడు అని బాలురు చెప్పుకొనిరి. మోహనదాసు ఒకనాడు పారసీక తరగతిలో పోయి కూర్చుండెను. సంస్కృతోపాధ్యాయుడైన కృష్ణశంకర పాండ్యా బాధపడి, అతనిని పిలిచి, వైష్ణవుని కుమారుడవని మరచితివా, కష్టమైనచో నా వద్దకు రమ్మని బుజ్జగించెను. బాలుడు సిగ్గుపడి తిరిగి వచ్చెను. ఆనాడు నేర్చిన కొద్దిపాటి సంస్కృతమే లండనులో గీతను తెరచుటకు ధైర్యమిచ్చెను. ఒక ఉపాధ్యాయుని స్నేహవాక్యము సముద్రములను దాటి అక్కరకు వచ్చెను.

ఇప్పుడు తెలుగు రాష్ట్రముల వైపు దృష్టి మరల్చవలెను. నాడు సంస్కృతము కఠినమని విద్యార్థి పారిపోయెను. నేడు సంస్కృతము సులభమని విద్యార్థి పరుగున వచ్చుచున్నాడు! ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా తెలుగును వదలి సంస్కృతమును గ్రహించువారు అసంఖ్యాకులు. ఇది దేవభాషాభిమానమని భ్రమింపరాదు. దీనికి ఏకైక కారణము మార్కులు. సమాధానములలో అధికభాగమును తెలుగులోనో ఆంగ్లములోనో వ్రాసి, కొన్ని పంక్తులను కంఠస్థము చేసి, నూటికి తొంబది దాటిన మార్కులు పొందుట అరుదు కాదు. దేవనాగరి లిపిలో ఒక పుట తడబడక చదువలేనివాడు సంస్కృతమున ఉత్తమశ్రేణి విద్యార్థిగా పత్రమును పొందుచున్నాడు. పరీక్ష ముగిసిన మరునాడు రామశబ్దము కూడ మిగులదు. సంస్కృతము రాలేదు, తెలుగు పోయినది. రెంటికి చెడిన రేవడి అను సామెతకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

ఇది కేవలము విద్యావిధాన దోషము కాదు, ఇది అసత్యము. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి వర్ణము, స్వరము, మాత్ర మొదలైనవానితో విద్యను ఆరంభించును. విద్య ముగిసిన శిష్యునికి గురువు చేయు ఉపదేశములో సత్యమును పలుకుట ప్రథమము, స్వాధ్యాయమును ఏమరకుండుట తదనంతరము. అక్షరోచ్చారణమునే బ్రహ్మవిద్యకు ద్వారముగా భావించిన సంప్రదాయము పేరిట, అక్షరము రాకయే అంకెలు రాబట్టుకొను వ్యాపారము సాగుచున్నది. దీనిని కళాశాల ప్రోత్సహించుచున్నది, తండ్రి ఆమోదించుచున్నాడు, సమాజము హర్షించుచున్నది. ఇట్టి విద్యార్థి విదేశమునకు పోయిన పిమ్మట అచటి సహాధ్యాయి ఎవడో కర్మ సిద్ధాంతమనగా ఏమి, విగ్రహారాధనకు అర్థమేమి, ఉపనిషత్తు ఏమి చెప్పునని సహజ జిజ్ఞాసతో అడుగును. సంస్కృతములో ఉత్తమశ్రేణి పొందినవాడు అంతర్జాలమున వెదకుకొనవలసి వచ్చును. శ్వేతకేతువు ఐదు కఠిన ప్రశ్నలకు ఓడెను; ఇతడు అతిసామాన్యమైన ప్రథమ ప్రశ్నకే ఓడుచున్నాడు.

ఈ దుఃస్థితికి మెకాలే కారకుడని కొందరు వాదింతురు. 1835 ఫిబ్రవరి 2 నాటి అతని నివేదిక ఈ దేశపు విద్యలను తృణీకరించినది. ఆంగ్లవిద్యకు ప్రభుత్వ ధనమును మరల్చుటకు తోడ్పడినది. ఇందులో సందేహము లేదు. కాని పరపాలన 1947తో ముగిసినది. నాటి నుండి పాఠశాలలు మనవి, పాఠ్యప్రణాళికలు మనవి, పరీక్షలు మనవి. సాయంకాలమున ఇంట ఒక శ్లోకార్థము చెప్పుకొనవలదని ఏ మెకాలేయు శాసింపలేదు. మరణించిన శత్రువును నిందించుట సులభము. అతడు ప్రత్యుత్తరమీయడు, తండ్రి అలవాట్లను ప్రశ్నింపడు. అంతేకాదు, గీతను 1785లో ప్రథమముగా ఆంగ్లీకరించిన చార్లెస్ విల్కిన్స్ ఆంగ్లేయుడే. వేమన పద్యములను సేకరించి ముద్రింపించి, తెలుగునకు మహానిఘంటువు సమకూర్చిన బ్రౌను ఆంగ్లేయుడే. పరులు ధూళి దులిపి చదివిన గ్రంథములను స్వజనులు పట్టువస్త్రమున చుట్టి పూజాపీఠమున ఉంచిరి. పూజ దోషము కాదు. పూజించినదానిని తెరువకుండుట దోషము.

మరికొందరు దీనికి విరుద్ధమార్గమును అవలంబింతురు. వారు చింతింపరు, గర్వింతురు. విమానములు, అణుశాస్త్రము, శస్త్రచికిత్స సమస్తము మన గ్రంథములలో కలదని వారు ప్రకటింతురు. ఏ గ్రంథమున, ఏ అధ్యాయమున అని అడిగినచో కోపింతురు. విదేశమున ఉన్న విద్యార్థికి చరవాణి ద్వారా ఇట్టి గర్వమునే పాథేయముగా పంపుదురు. ఛాందోగ్యము సప్తమాధ్యాయమున నారదుడు సనత్కుమారుని చేరి, తాను చదివిన వేదములను, ఇతిహాస పురాణములను, గణితాది శాస్త్రములను వరుసగా చెప్పి, ఇన్ని చదివియు తాను మంత్రములను మాత్రమే ఎరుగుదుననియు, ఆత్మను ఎరుగక శోకించుచున్నాననియు విన్నవించెను. సమస్తము చదివిన నారదుడు ఎరుగనని పలికెను. ఏదియు చదువనివాడు సమస్తము మాదేనని పలుకుచున్నాడు. వీరిలో ఎవరు ఋషిపరంపరకు చెందినవారో నిర్ణయించుట కష్టము కాదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. విద్యార్థికి గణితము, భౌతికశాస్త్రము, ప్రవేశపరీక్షలు ఉన్నవి, జీవనోపాధి ముఖ్యము, గీతోపనిషత్తులకు కాలమెక్కడిది అని. జీవనోపాధి అవసరమే, దానిని శాస్త్రములు నిషేధింపలేదు. కాలమును గూర్చిన సమాధానము మాత్రము అదే గాంధి చరిత్రలో కలదు. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా ఊపిరి సలుపని పనిలో ఉండి, గీతను కంఠస్థము చేయవలెనని అతడు సంకల్పించెను. దంతధావనమునకు పట్టు పదునైదు నిమిషములను అందుకు వినియోగించెను. శ్లోకములు వ్రాసిన కాగితపు ముక్కలను ఎదుటి గోడకు అంటించి నిత్యము ఒకటి రెండు చొప్పున నేర్చెను. ఈ విధముగా పదుమూడు అధ్యాయములు అతనికి వచ్చెను. లండనులో సిగ్గుపడినవాడు ఆ సిగ్గును గర్వముతో కప్పలేదు, విలాపముతో కరగింపలేదు, స్వాధ్యాయముగా మార్చుకొనెను. పదునైదు నిమిషములు లేని గృహము తెలుగునాట లేదు. లేనిది సంకల్పము.

సంస్కృతమూలము కఠినము కదా, అనువాదము చదివినవాడు ఏమగునని మరియొక సంశయము. అనువాదముతో ఆరంభించుట దోషము కాదు. గాంధియు ఆర్నాల్డ్ అనువాదము ద్వారమునే ప్రవేశించెను. తెలుగున గీతకు, ప్రధానోపనిషత్తులకు ప్రతిపదార్థ తాత్పర్యములతో కూడిన గ్రంథములు కలవు. వాటిని చదువుటకు తెలుగు రావలెను. ఇచటనే మాతృభాషా త్యాగము యొక్క పూర్ణఫలము కనబడును. తెలుగు చదువరాని తెలుగు బాలునికి తన పితామహుని అలమారలోని గ్రంథములన్నియు పరదేశపు గ్రంథములే. ఇక విచిత్రమేమనగా, అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థల తరగతులలో ప్రవాసుల బిడ్డలు వారాంతములందు తెలుగు అక్షరములు దిద్దుచున్నారు. గోదావరీ తీరమున బాలుడు తెలుగు చదువరాదని చెప్పుట కులీనతా చిహ్నముగా చెల్లుచున్నది. సంస్కృతిని చెరుపునది విదేశమే అయినచో ఈ వైపరీత్యము ఎట్లు సంభవించినది?

తండ్రి ఇచ్చిన విద్య ఎట్టిదో కుమారుని ప్రయాణము వెల్లడించునని చెప్పుటకు అరవిందుని జీవితము మరియొక సాక్ష్యము. అతని తండ్రి కృష్ణధన ఘోష్ కుమారులకు భారతీయ సంస్కారము సోకరాదని బుద్ధిపూర్వకముగా నిశ్చయించి, 1879లో ఏడేండ్ల బాలుని ఆంగ్లదేశమున విడిచెను. అతడు 1893లో తిరిగి వచ్చి, బరోడాలో కొలువు చేయుచు సంస్కృతమును, బంగాళీని శ్రద్ధతో అభ్యసించి, కాలక్రమమున వేదమునకు, గీతకు వ్యాఖ్యాత అయ్యెను. ఆ తండ్రి తాను చేయుచున్నదేమో ఎరిగి చేసెను. నేటి తండ్రి అదే ఫలమును ఎరుగకయే సాధించుచున్నాడు. నోటితో సంస్కృతిని కీర్తించుచు, చేతితో ద్వితీయ భాష గడిలో మార్కుల లెక్క చూచి సంతకము చేయుచున్నాడు.

కావున విదేశమునకు పోవు విద్యార్థిని ఆపవలసిన పని లేదు. అతడు పోవలెను, ప్రశ్నింపబడవలెను, ఎరుగనిచోట ఎరుగనని చెప్పవలెను. ప్రశ్నించినవానిని పరుడని తూలనాడినచో అతడు సభ నుండి వచ్చిన శ్వేతకేతువు మాత్రమే. అయితే శ్వేతకేతువు తండ్రిని నిలదీసినట్లు అతడును నిలదీయవచ్చును. అది అవినయము కాదు. నేర్పకయే నేర్పితినని ఏల అనుకొంటివని కుమారుడు దూరవాణిలో అడిగిననాడు, తండ్రి కోపింపక, పాశ్చాత్యులను శపింపక, నాకును తెలియదు, కలిసి చదువుదమని చెప్పవలెను. ప్రయాణమునకు ముందు పత్రములు సరిచూచుటకు, బ్యాంకు రుణమునకు, ఆవకాయ జాడీ చిందకుండ కట్టుటకు వారములు వెచ్చించు గృహమున, ఒక ఉపనిషత్తు తాత్పర్యమును తండ్రీకుమారులు కలిసి చదువుటకు కొన్ని సాయంకాలములు దొరకకపోవు.

ప్రవాహణుడు గౌతమునకు ఉపదేశించినది పంచాగ్నివిద్య. అంతకు పూర్వము అది బ్రాహ్మణులను చేరలేదని రాజే చెప్పెను. అనగా ఒక కుమారుడు పరుల సభలో ఓడిపోనిచో, ఆ ఓటమి విని ఒక తండ్రి శిష్యుడై కదలనిచో, ఆ విద్య ఆ పరంపరకు అందియుండెడిది కాదు. ఓటమి నేడును నిత్యము సంభవించుచునే ఉన్నది. కదలవలసినది తండ్రి.